మెనూ లేని పాక హోటలు

ఒడిశాలో రాయగడ నుంచి కోరాపుట్ వెళ్ళే దారిలో, లక్ష్మీపూర్ దాటాక ఓ పాక హోటలుంది. బోర్డు లేదు, మెనూ లేదు, పనీర్ అసలే లేదు. వంట సంగతి తర్వాత చెప్తా, నాకు ముందు నచ్చింది ఆ హోటల్ నడిపే పిన్ని "లేదు" అని మొహమాటం లేకుండా చెప్పడం.

మొన్న ఆగస్టులో విశాఖ నుంచి వచ్చిన మా ఫ్రెండు బెంచీ మీద కూర్చుంటూనే బొంగు చికెన్ ఉందా అని అడిగాడు. "అది కావాలంటే అరకు పొండి బాబూ. మేం వెదుర్లో కోణ్ణి పెట్టం, వెదుర్నే వండుకుంటాం" అంది.

నిజంగానే వర్షాకాలం ఇక్కడ వెదురు కొమ్ములదే, అంటే నేల్లోంచి పొడుచుకొచ్చే లేత మొలకలదే రాజ్యం. ఒడియావాళ్ళు కరడి అంటారు. పొద్దున్నే కొండ మీంచి కోందు గిరిజన ఆడవాళ్ళు బుట్టల్లో తెస్తారు, పిన్ని వాళ్ళతో వాళ్ళ కువి భాషలో బేరమాడి తీసుకుంటుంది. పైన పొర మీద పొర ఉంటుంది, సన్నటి నూగు చేతులకి తగిలితే సాయంత్రందాకా దురదే. పొరలన్నీ ఒలిచేశాక లోపల తెల్లటి మెత్తటి భాగం అంత పెద్ద కొమ్ములోనూ పిడికెడే తేలుతుంది. దాన్ని గోరంత మందాన తరిగి, ఉడకబెట్టి, నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెడతారు. పచ్చి కొమ్ములో చేదే కాదు, సయనైడ్ పుట్టించే పదార్థం కూడా ఉంటుంది కాబట్టి ఈ పనిలో బద్ధకిస్తే కుదరదు. తర్వాత వలిసెల నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి, గుప్పెడు ఎండు రొయ్యలు వేయించి, ముక్కలు కలిపి, దించేముందు ఆవ ముద్ద పెడుతుంది. ఆ ఘాటు ముక్కులోకి ఎక్కాక మావాడు బొంగు చికెన్ ఊసే ఎత్తలేదు!

పుట్టగొడుగులు మాత్రం అదృష్టం. ఉరుములతో వాన పడ్డాక చెదపుట్టల మీద మొలుస్తాయి, కోసిన రోజే వండాలి, మర్నాటికి పనికిరావు. దొరికిన రోజున ఉప్పూ కారం పసుపూ పట్టించి అడ్డాకులో పొట్లం కట్టి నిప్పుల మీద పెడుతుంది. ఆకు మాడిన వాసన లోపలిదాకా దిగుతుంది. ఇంకో పొట్లం అడిగితే వెనక వచ్చేవాళ్ళకి ఉండాలి కదా అని కసిరింది.

అన్నానికి ముందు ఎవరికైనా చెంబుతో చోడంబలి, అంటే రాగి అంబలి వస్తుంది, తాగనంటే ఊరుకోదు. 2017లో ఒడిశా ప్రభుత్వం మిల్లెట్స్ మిషన్ మొదలుపెట్టాక రాగి బిస్కెట్లూ లడ్డూలూ టౌన్ షాపుల్లోకి వచ్చాయి, మంచిదే, కానీ ఒక రాత్రి పులిసిన అంబలిలో ఉల్లిపాయ నంజుకున్నాక నాకు ఆ బిస్కెట్లు సయించవు. 1936లో ఒడిశా వేరు పడేదాకా ఈ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖ జిల్లా కిందే ఉండేవి కాబట్టి ఇక్కడ తెలుగులో అన్నం అడిగి ఒడియాలో చిల్లర దగ్గర గొడవపడేవాళ్ళు బోలెడుమంది.

ఈమధ్య ఎవరో రీల్ పెట్టారు, దాంతో డిసెంబర్లో కూడా కార్లేసుకొచ్చి వెదురు కొమ్ముల కూర అడుగుతున్నారట. డబ్బాల్లో దొరికేది తెచ్చి పెట్టొచ్చు కదా అని సలహా ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. డిసెంబర్లో వస్తే కొత్త కాలాజీరా బియ్యం తినాలి గానీ ఇదేం పట్టు? 2024లో జీఐ ట్యాగ్, అంటే ఈ ప్రాంతపు పంటే అన్న గుర్తింపు, వచ్చిన బియ్యం, గంజి వారుస్తుంటేనే రోడ్డుదాకా వాసనొస్తుంది. సంక్రాంతి దాటితే పచ్చి కందికాయలుంటాయి, వేసవిలో పనసకాయ కూర ఉంటుంది. ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది, అడిగిందే ఉండకపోవచ్చు, అంతే.

వెళ్ళేవాళ్ళు ఒంటిగంటలోపు చేరుకోండి, రెండు దాటితే గిన్నెలు కడిగేస్తారు. ఘాటీలో సిగ్నల్ ఉండదు, ఫోన్‌పేని నమ్ముకోకుండా చిల్లర పట్టుకెళ్ళండి. చిన్నపిల్లలుంటే ముందే చెప్పండి, వాళ్ళకి ఆవ పెట్టకముందే కూర పక్కకి తీసి ఉంచుతుంది.