బండి కింద గడ్డి

ఈసారి సెలవు మీద బాలానగర్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, చాక్లెట్లు, అమ్మకు మోకాళ్ళ నొప్పుల మందు, బావకు చేతి గడియారంతో పాటు మూరెడు పొడవున్న ఒక ఇనుప తీగ కొక్కెం కూడా పెట్టెలో తెచ్చాను. శంషాబాద్‌లో సామాను పరీక్షించే ఉద్యోగి దాన్ని రెండుసార్లు తిప్పి చూసి ఏమిటని అడిగాడు. గడ్డి తీసేదని చెప్పాను. నా పాస్‌పోర్టు వైపు, కొక్కెం వైపు మార్చి మార్చి చూసి నవ్వి పంపించాడు. అతనికి రెండు మాటల్లో చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. నాకు నేను చెప్పుకోవలసినది కూడా ఇందులో కొంత ఉంది.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో, ఒక ఇనుప ఖనిజ గనిలో, కన్వేయర్ బెల్టుల మరమ్మతులు ఎప్పుడు చేయాలో ముందుగా లెక్క వేసి పెట్టే ఉద్యోగం నాది. నివాసం న్యూమన్‌లో, పెర్త్ నుంచి ఉత్తరంగా సుమారు 1,200 కిలోమీటర్లు. రామగుండం ఎండలు చూసినవాణ్ణని వెళ్ళిన కొత్తలో గొప్పలు పోయేవాణ్ణి. మాకు ఉత్తరాన ఉన్న మార్బుల్ బార్ అనే చిన్న ఊళ్ళో 1923 అక్టోబరు 31 నుంచి 1924 ఏప్రిల్ 7 దాకా వరుసగా 160 రోజులు పగటి ఉష్ణోగ్రత 100 డిగ్రీల ఫారన్‌హీటుకు తగ్గలేదని తెలిశాక ఆ ప్రస్తావన మానుకున్నాను. తారు రోడ్డు దిగితే అంతా ఎర్రమట్టి, ఇనుము కలిసిన గట్టి రాయి, మధ్య మధ్య స్పినిఫెక్స్ అనే ముళ్ళగడ్డి గుబుర్లు. అటువంటి చోట సొంత బండి లేనివాడికి సెలవురోజు అంటే నాలుగు గోడలే కనుక, గత సంవత్సరం వెనక తొట్టి ఉన్న కొత్త డీజిల్ పికప్ ట్రక్కు ఒకటి కొన్నాను. వాళ్ళు దాన్ని యూట్ అంటారు.

బండి చేతికి వచ్చిన వారంలోనే నా మనసంతా దాని అడుగుభాగం మీదికి పోయింది. మన మెకానిక్కులు చాంబర్ గార్డు అని పిలిచే రేకును వాళ్ళు బాష్ ప్లేట్ అంటారు. ఇంజన్ ఆయిల్ నిలిచే చాంబర్‌కు, గేరుబాక్సుకు, నాలుగు చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకు కింద అడ్డంగా బిగించే పలకలు అవి. కంపెనీ ఇచ్చిన రేకు పలుచనిది. దుమ్మును, చిన్న రాళ్ళను ఆపుతుందే తప్ప బండరాయి మీద బండి కూర్చుంటే వంగిపోతుంది. దాన్ని తీసివేసి మందమైన పలకలు వేయించుకోవడం అక్కడ మామూలే. కానీ నాలాగా మూడు నెలల పాటు దాని గురించే ఆలోచించినవాళ్ళు అక్కడ ఉండరనుకుంటాను.

దానికి కారణం హైదరాబాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న సెకండ్ హ్యాండ్ కారు ఒకనాటి రాత్రి మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ మీద చాంబర్ పగలగొట్టుకుంది. వంపు 17 మీటర్ల వ్యాసార్ధంతో, వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే మార్గదర్శకాలు రాసి పెట్టింది. మా వీధిలో దాన్ని పోసిన మేస్త్రీ మాత్రం మిగిలిన కాంక్రీటు ఎంత ఉందో అంత ఎత్తు పోశాడు. వాన వెలిసిన రోడ్డు మీద ఆయిలు సప్తవర్ణాలుగా పారుతుంటే గొడుగు పట్టుకొని నిలబడిన ఆ రాత్రి నుంచి, బండికి ప్రమాదం ఎప్పుడూ కింద నుంచే వస్తుందనీ, ఎంత కప్పితే అంత క్షేమమనీ నాలో పాతుకుపోయింది.

అందుచేత పిల్బరాలో పలకలు ఎంచుకునేటప్పుడు మొదట మందం చూశాను. నాన్న ముప్పై ఏళ్ళకు పైగా బాలానగర్‌లో ఒక షీట్ మెటల్ షెడ్డులో పని చేసిన మనిషి. ఒక మిల్లీమీటరు మందమున్న ఎం.ఎస్. ప్లేటు, అంటే మామూలు ఉక్కు రేకు, చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుందన్నది ఆయనకు ఎక్కం లాంటిది. ఫోన్‌లోనే లెక్క కట్టి, 4 మిల్లీమీటర్ల ఉక్కు అయితే చదరపు మీటరుకు 31 కిలోల పైచిలుకు, 6 మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే 16 కిలోల పైచిలుకు వస్తుందని చెప్పాడు. అల్యూమినియం బరువు దాదాపు సగమే. యూట్ మొత్తం బరువు ఎంతకు మించరాదో అక్కడ చట్టం నిర్ణయించింది కనుక, పలకలకు పెట్టిన ప్రతి కిలో నీళ్ళ డబ్బాలోనో, గుడారంలోనో తగ్గించుకోవలసి వస్తుంది. అయితే అల్యూమినియం మెత్తనిది. రాతి అంచు దానిలో దిగబడి పట్టేస్తుంది. ఉక్కు గీసుకుపోతుంది గానీ జారుతుంది, బండి ముందుకు సాగుతుంది. గట్టి ప్లాస్టిక్ పలకలు ఇంకా బాగా జారుతాయి, కానీ వేడి సైలెన్సర్ పక్కన వాటిని నమ్మలేం. నేను ఉక్కు వైపే మొగ్గాను. నేను పనిచేసే గని నుంచి ఓడకెక్కి వెళ్ళిన ఖనిజమే ఎక్కడో కరిగి, పలకగా మారి, మళ్ళీ నా జేబుకే చిల్లు పెడుతున్నదేమోనని నవ్వుకున్నాను కూడా.

మందం సంగతి అలా తేలింది. అసలు తప్పు రంధ్రాల దగ్గర జరిగింది. దుకాణాల్లో దొరికే పలకలకు బోలెడన్ని సందులు ఉంటాయి: ఆయిల్ దించే బిరడా కింద ఒకటి, ఫిల్టరు కింద ఒకటి, గాలి ఆడేందుకు చేప మొప్పల్లాంటి చీలికలు, వెనక అంచున వెడల్పాటి ఖాళీలు. నా కంటికి అవన్నీ రాయి దూరే దారులుగానే కనిపించాయి. ఊళ్ళోని ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు వెళ్ళి, ఆయిల్ బిరడా దగ్గర ఒక్క రంధ్రం తప్ప ముందు నుంచి ట్రాన్స్‌ఫర్ కేసు దాకా పూర్తిగా మూసి ఉండే మూడు పలకలు చేయించుకున్నాను. వెల్డింగ్ చేసే కుర్రవాడు నిజంగానే ఇలా కావాలా అని ఒకసారి అడిగాడు, కావాలన్నాను. బిగించిన తరువాత కింద దూరి చూస్తే, తిరగేసిన ఇత్తడి తాంబాళంలా నున్నగా, ఎంతో ముచ్చటగా ఉంది.

ఆ ముచ్చట మూడు వారాలు సాగింది. ఒక ఆదివారం మా గనివాళ్ళం ఆరుగురం మూడు బండ్లలో, నీటిగుంట ఒకటి చూడాలని గడ్డి దారి పట్టుకొని వెళ్ళాం. గంట ప్రయాణం తరువాత మొదటి మజిలీలో బండ్లు ఆపగానే మిగిలినవాళ్ళు దిగి, నేల మీద వెల్లకిలా పడుకొని బండ్ల కింద చూసుకుంటున్నారు. నేను ఫ్లాస్కు తీసి టీ పోసుకుంటున్నాను. మాతో వచ్చిన వర్క్‌షాపు ఫోర్‌మన్, అరవై దాటిన మనిషి, నా బండి కింద కూడా తొంగి చూసి, పలకకూ చట్రానికీ మధ్య ఉన్న సన్నని సందులో వేళ్ళు దూర్చి, గుప్పెడు ఎండుగడ్డి లాగి, నా కాళ్ళ ముందు పడేశాడు. తరువాత అందరూ వినేటట్టు, “ఇంజన్ కింద పొయ్యి పేర్చుకొని తిరుగుతున్నావు మేట్. దీన్ని తీసే దారి ఏది?” అని అడిగాడు. తీసే దారి లేదు. నలభై నిమిషాల పాటు ఆ ఎండలో పన్నెండు బోల్టులు విప్పి పలకలు దించితే, వాటి మీద పక్షి గూడులా అల్లుకున్న గడ్డి దోసిళ్ళకొద్దీ బయటపడింది. ఐదుగురూ నీడలో నిలబడి ఎదురు చూశారు. నేను పోసుకున్న టీ బానెట్ మీద మరిగినంత పని అయింది.

స్పినిఫెక్స్ సంగతి నాకు బొత్తిగా తెలియదని కాదు. దాని ఆకుల్లో బంక ఉంటుంది. అక్కడి ఆదివాసులు ఆ బంకను కాచి బల్లెపు మొనలను కర్రకు అతికించేవారు. ఆ బంక వల్లనే అది పచ్చిగా ఉన్నా భగ్గున మండుతుంది. గడ్డి దారిలో వెళ్ళే బండి ముందు అంచు కంకులను, కాడలను విరుచుకుంటూ పోతే, అవి గాలికి లోపలికి కొట్టుకుపోయి, పలక మీద పేరుకొని, సైలెన్సర్ గొట్టం పక్కన ఎండుతాయి. డీజిల్ బండ్లలో మసి పట్టే వడపోత పెట్టె ఒకటి ఉంటుంది; పట్టిన మసిని అది అప్పుడప్పుడు తనంతట తానే కాల్చుకుంటుంది, ఆ సమయంలో లోపలి వేడి 600 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఇవన్నీ గని భద్రతా తరగతిలో విన్నవే, సంతకం పెట్టినవే. అయినా బండి కింద నుంచి వచ్చే ప్రమాదం అనగానే నాకు మా వీధి స్పీడ్ బ్రేకర్ తప్ప గడ్డిపోచ గుర్తుకు రాలేదు.

తప్పు నాదే. ఒప్పుకుంటున్నాను. కానీ ఆ మాట అన్న తీరును మాత్రం నెలల తరబడి నెమరు వేశాను. మా నాన్న వయసు మనిషి, పక్కకు పిలిచి చెబితే సరిపోయేది కదా. పైగా ఆ మేట్ ఒకటి. మన ఉపాధి హామీ పనుల్లో మేటు అంటే ముఠాకు పెద్ద, మస్టరు రాసేవాడు. అక్కడ మేట్ అంటే ఎవడైనా సరే, తిట్టించుకునేవాడు కూడా. మన దగ్గర మెకానిక్ ముందు స్టూలు వేస్తాడు, చాయ్ తెప్పిస్తాడు, ఆ తరువాత కూడా తప్పు మనదని అనడు, బండిదంటాడు. ఈ మాటను నా గదిలో ఒక్కణ్ణీ కూర్చొని ఎన్నిసార్లు అనుకున్నానో.

అలా అనుకుంటూ ఉండగానే ఒకనాడు పాత కారు సంగతి మరికొంత గుర్తుకు వచ్చి, నా వాదం కొంచెం కుంటుపడింది. చాంబర్ పగిలిన తరువాత రాణీగంజ్‌లో కొన్న గార్డును మా వీధి మెకానిక్ చేత బిగించుకున్నాను. దానికి ఆయిల్ బిరడా దగ్గర రంధ్రమే లేదు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ గార్డు మొత్తం దించాలి, దానికి విడిగా కూలి. రెండేళ్ళ తరువాత, బిగించేటప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, “మీరు తెచ్చిన్రు కద సార్, నేనెట్ల అంట?” అన్నాడు. ఆ సార్ కోసం నేను ఎంత కూలి కట్టానో ఇప్పుడు లెక్క వేయదలచుకోలేదు. అతని మర్యాద మీద ఈనాటికీ నాకు ఫిర్యాదు లేదు. ఫోర్‌మన్ మాట నిజమైనా ఈనాటికీ ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఈ రెండింటిలో ఏది న్యాయమో తేల్చుకోవడానికి బదులు, ఆ తరువాత రెండు ఆదివారాలు వాళ్ళతో వెళ్ళడం మానుకున్నాను.

మూడో సోమవారం డ్యూటీ దిగి వచ్చేసరికి, నా బండి వైపరు కింద ఈ కొక్కెం ఉంది. కంచె తీగను సాగదీసి, ఒక కొసను వేలెడంత వంచి, ఇంకో కొసను పిడిలా చుట్టి చేసినది. చీటీ లేదు. ఎవరు పెట్టారో అడగవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే ఫోర్‌మన్ బండి తలుపు జేబులో అటువంటిదే నేను చూశాను. మరునాడు థ్యాంక్స్ చెబితే తల ఊపి, బెల్టు గురించి మాట్లాడాడు. అది దయో, రెండో మందలింపో నాకు ఇప్పటికీ బోధపడదు. ఏదైనా ఆ రేకులకు అది సరిపోదు; కొక్కెం దూరాలంటే సందు ఉండాలి.

ఇక్కడికి వచ్చిన రెండో రోజు పొద్దున ఈ కథంతా నాన్నకు చెప్పాను. నలుగురిలో అలా అనిపించుకున్నందుకు ఆయన నా పక్షాన నాలుగు మాటలు అంటాడని లోలోపల ఆశ. ఆయన కళ్ళజోడు పెట్టుకొని కొక్కెం వంపు మీద బొటనవేలు రాసి చూశాడు. “వేడి చెయ్యకుంట వంచిండు. పగులు రాలే. చెయ్యి మంచిగుంది,” అన్నాడు. నా అవమానం గురించి ఒక్క మాట లేదు. బావ మాత్రం ఆ ముసలాయనకు అంత పొగరేమిటని రెండుసార్లు అడిగి, నాకు కాస్త ఊరట కలిగించాడు.

నాన్న అటకమీది రేకు డబ్బాలోంచి సుద్దముక్క తీసి, అమ్మ అప్పుడే తుడిచిన గచ్చు మీద నా కొలతల ప్రకారం మూడు పలకలు గీశాడు. “చీలికలు అడ్డం కొట్టొద్దు, రాయి తట్టుకుంటది. నిలువు కొట్టి, అంచు లోపలికి మలిపితే బలం కూడ వస్తది. వెనక పలకను మొత్తం ఇడిచిపెట్టు, అక్కడ రాయి తాకేది తక్కువ,” అంటూ ఒక్కొక్క చీలికను గీస్తున్నాడు. అమ్మ వంటింట్లోంచి గచ్చు గురించి ఏదో అన్నది, ఇద్దరమూ వినలేదు. ఆ గడ్డి ఎంత పొడుగుంటదని అడిగాడు. మోకాలి దాకా, కంకులైతే నడుము దాకా అన్నాను. చేతిలో సుద్ద ఆగింది. “సైలెన్సర్ గొట్టం ఏ పక్క నుంచి పోతది? మసి డబ్బా సరిగ్గ ఎక్కడుంటది?” అన్నాడు.

చెప్పబోయి, ఎడమో కుడో తేల్చుకోలేక, ఫోన్ తీశాను. బండి కొన్ననాడు ఇంటికి పంపడానికి తీసిన ఫొటోలు ముప్పైకి పైగా ఉన్నాయి: ముందు నుంచి, వెనక నుంచి, నిమ్మకాయల మీద ఎక్కిస్తూ, బొట్టు పెడుతూ, తలుపుకు ఆనుకొని నిలబడి. కింద నుంచి తీసినది ఒక్కటీ లేదు. పెర్త్ సమయం మనకంటే రెండున్నర గంటలు ముందు. డ్యూటీలో భోజనం వేళ అయి ఉంటుంది. నాన్న సుద్ద పట్టుకొని గచ్చు మీదనే కూర్చొని ఉండగా, ఫోర్‌మన్ నంబరు వెతికాను.