ఒక పన్ను పోతే మూడు పళ్ల బిల్లు

మూడేళ్ల క్రితం ఎడమవైపు కింది దవడ పన్ను ఒకటి పీకించేసుకున్నాను. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే నిలబడుతుందని అప్పటి డాక్టరు చెప్పాడు. నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాని. మార్చి నెల, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు రాయడానికే తీరిక లేదు. నాలుగుసార్లు ఆ కుర్చీలో నోరు తెరుచుకుని ఎవడు కూర్చుంటాడు? "పీకెయ్యండి, పీడా పోతుంది" అన్నాను. పీకేశాడు.

బయటికి కనపడే పన్ను కాదు కదా అని ఊరుకున్నాను. కుడివైపే నమలడం అలవాటైపోయింది. మొన్న వేసవిలో ఆ ఖాళీ వెనక పన్ను జివ్వున లాగడం మొదలైంది. బ్రాడీపేటలో ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చూపించింది. బస్సులో పక్కవాడు దిగగానే ఒరిగి పడుకున్నవాడిలా, వెనక పన్ను ఖాళీలోకి వాలిపోయి ఉంది. పై దవడ పన్ను కూడా కాస్త కిందికి దిగింది.

"మీరు పీకించుకుంది ఆరేళ్లప్పుడు వచ్చే పన్ను అంకుల్. పాలపన్నే అనుకుని చాలామంది పట్టించుకోరు. నమిలే పని ఎక్కువగా దానిదే" అంది.

ఇంప్లాంట్ అయితే ఎముకలో స్క్రూ బిగించి, అది అతుక్కునేదాకా కొన్ని నెలలు ఆగాలి, ఖర్చూ ఎక్కువే. వెనక పన్నుకి రూట్ కెనాల్, క్యాప్ ఎలాగూ తప్పవు కాబట్టి బ్రిడ్జి వేయించుకోమంది. నాకు బ్రిడ్జి అంటే మా గుంటూరులో రైలు పట్టాల మీది శంకర్ విలాస్ బ్రిడ్జే! ఇక్కడైతే అటూ ఇటూ పళ్లను అరగదీసి వాటికి రెండు క్యాపులు, వాటిని పట్టుకుని మధ్యలో ఒక పెట్టుడు పన్ను. పోయింది ఒకటే అయినా బిల్లు మూడింటికి. జిర్కోనియా అనే తెల్లటి గట్టి పదార్థంతో చేసినవి ఒక్కోటి 8 వేలు, మొత్తం 24 వేలు, రూట్ కెనాల్ కాక. లోపల లోహం, పైన పింగాణీ ఉండేది చవకే గానీ పింగాణీ పెచ్చు ఊడొచ్చట. సరే, జిర్కోనియానే అన్నాను.

డబ్బు కంటే ఆ ఖాళీకి ముందున్న పన్ను సంగతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. దానికి ఏ జబ్బూ లేదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నీళ్లు చిమ్ముతూ చుట్టూ అరగదీసింది. తర్వాత చేతికి అద్దం ఇచ్చింది. నలభై ఏళ్లు నాకు నమిలిపెట్టిన పన్ను అరిగిన సుద్దముక్కలా ఉంది. ఆ పైపొర మళ్లీ పెరగదు. నేను రెండు నిమిషాల్లో తీసుకున్న నిర్ణయానికి పక్కవాడికి శిక్ష పడింది.

రబ్బరు ముద్దతో అచ్చు తీసుకున్నారు. రంగుకి నమూనా పళ్ల వరస పెట్టి చూస్తుంటే తెల్లటిది వేలు పెట్టి చూపించాను. "మీ టీకి ఇదే సరిపోతుంది" అని పసుపు ఛాయది తీసింది. ల్యాబులో జిర్కోనియాని ముందు కావలసినదానికంటే పెద్దగా చెక్కి, సుమారు 1500 డిగ్రీల వేడిలో కాలుస్తారట. పచ్చి ఇటుక బట్టీలో తగ్గినట్టు, అది సుమారు ఐదో వంతు మేర తగ్గి అసలు కొలతకు వస్తుంది. ఆ వారమంతా తాత్కాలిక క్యాపులే. చల్లటి నీళ్లు ఆ అరగదీసిన ముందువైపు పన్నుకి తగిలితే నషాళానికి అంటేది.

బిగించిన రోజు నీలం కాగితం కొరికించి, ఎత్తుగా ఉన్నచోట సరిచేసింది. అయినా రెండు రోజులు కొరికినప్పుడల్లా పోటు. మళ్లీ వెళితే ఒక చుక్కంత అరగదీసింది, తగ్గింది. ఆ సాయంత్రం ఎడమవైపుతో చేగోడీ కొరికాను. చప్పుడు ఎడమ చెవిలో వినపడి మూడేళ్లయింది.

పెట్టుడు పన్ను కింద రోజూ రాత్రి దారం దూర్చి శుభ్రం చేసుకోవాలి. లేకపోతే కింద ఇరుక్కున్నది కుళ్లి, ఆధారంగా ఉన్న పళ్లే పుచ్చిపోతాయట. మొదటి రాత్రి అద్దం ముందు పావుగంట కుస్తీ పట్టాను.

"ఏవండీ, గేలం వేస్తున్నారా?" అంది మా ఆవిడ.

దారంతో పాటు గోంగూర పచ్చట్లోని ఎండుమిర్చి తొక్క ఒకటి బయటికొచ్చింది.