వందో గంట

ఈరోజు నా కోచింగ్ లాగ్‌లో వందో గంట రాసుకున్నాను. ట్యూషన్ లాంటి కోచింగ్ కాదు; ప్రశ్నలడుగుతూ, ఎదుటివాళ్లు తమ జవాబు తామే వెతుక్కునేలా మాట్లాడటం. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే ఏసీసీ (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్) గుర్తింపుకి 60 గంటల శిక్షణ, 10 గంటల మెంటార్ కోచింగ్ (మన పద్ధతిని అనుభవమున్న కోచ్ చూసి చెప్పడం), 100 గంటల అనుభవం కావాలి. అందులో 75 గంటలు ఫీజు తీసుకుని చేసినవై ఉండాలి. "మాట్లాడినందుకు డబ్బులా?" అని మా పిన్ని కూడా అడిగింది.

ఫీజు అడగడం కన్నా కష్టం, సలహా ఇవ్వకుండా ఉండటం. మొన్న ఒకావిడ (ఆవిడని అడిగాకే రాస్తున్నాను) ఉద్యోగం మానేయాలా వద్దా అని చెబుతూ మధ్యలో ఆగిపోయారు. జవాబు నా నోటిదాకా వచ్చింది. పెన్ను మూత గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నిమిషం పైనే గడిచింది.

"నా భయం ఉద్యోగం గురించి కాదండీ. నాన్నకి ఎలా చెప్పాలా అని," అన్నారు మెల్లగా.

ఇక ఏసీసీ పరీక్ష మిగిలింది. రేపటినుంచి చదవాలి.