పాస్తా మిషన్‌లో పిండి ముద్ద కట్టకూడదు

కొన్న కొత్తలో నాలుగు సార్లు వాడి, ఆ తర్వాత అటకెక్కించిన కరెంటు పాస్తా మిషన్లలో ఎక్కువ వాటికి పట్టిన జబ్బు ఒకటే: నీళ్లెక్కువ. చపాతీ పిండి కలిపి కలిపి అలవాటైన చెయ్యి కదా, లోపల పిండి పొడిపొడిగా కనబడగానే ఇంకాసిని నీళ్లు పోసేస్తుంది. చెడేది అక్కడే. ఈ మిషన్‌కు కావాల్సింది ముద్ద కాదు, శనగ గింజంత పలుకులు. అరిసెలకు పట్టించిన తడి బియ్యప్పిండిని గుప్పిట పడితే ఉండవుతుంది, వేలితో తడితే విరిగిపోతుంది చూడండి. పాస్తా పిండీ అలాగే ఉండాలి.

లోపల జరిగేది మురుకుల గొట్టంలో జరిగేదే. చేతి బలం బదులు మోటారు తిప్పే స్క్రూ ఉంటుంది, అంతే తేడా. చాలా మిషన్లలో ఒకే కడ్డీకి తెడ్లూ స్క్రూ రెండూ ఉంటాయి. ఒక వైపు తిరిగితే పిండి కలుస్తుంది, రెండో వైపు తిరిగితే పలుకులు స్క్రూ గాడిలోకి జారి, చివరనున్న చిల్లుల బిళ్ళ వెనక ఒత్తిడికి ఒకదానికొకటి అతుక్కుని బయటికొస్తాయి. పిండి ముందే ముద్దయితే గాడిలోకి జారదు, తెడ్డును పట్టుకుని గిరగిరా తిరుగుతూ ఉంటుంది. కొంచెం దిగినా పోగులు ఒకదానికొకటి అంటుకుని జడలు కడతాయి.

అందుకే కప్పులూ గ్లాసులూ పక్కన పెట్టి, గ్రాములు చూపే కాటా వాడండి. 250 గ్రాముల పిండికి సన్న రవ్వయితే 90 నుంచి 95 గ్రాముల నీళ్లు, మైదా అయితే 85 నుంచి 90. మరలో పట్టించిన గోధుమ పిండికి 100 దాటుతుంది. రాయి నలుగుడుకు అందులో గంజి పదార్థం దెబ్బతిని ఉంటుంది, తవుడూ ఉంటుంది, రెండూ నీళ్లు తాగుతాయి. గుడ్డు వేస్తే, ఒక గుడ్డు గిలకొట్టి కాటా మీద పెట్టి, గుడ్డూ నీళ్లూ కలిపి 95 గ్రాములకు తీసుకురండి. గుడ్డులో ముప్పావు వంతు నీళ్లే. పిండిలో నూనె వద్దు. ఉప్పు ఉడికించే నీళ్లలో వేస్తే చాలు.

ఇటలీలో దీనికి వాడేది డ్యూరమ్ అనే గట్టి గోధుమ. మన నెల్లూరు వరి సీమ, మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ నేల. ఆ గోధుమ రవ్వ ఇక్కడి కొట్లలో అడిగితే దొరకదు. బొంబాయి రవ్వను ఉన్నదున్నట్టు వేస్తే పలుకు లోపలిదాకా నానదు, పోగు మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి, ఆరితే అక్కడే విరుగుతుంది. మిక్సీ చిన్న జార్లో ఆపి ఆపి తిప్పి, జల్లించి, వేడి తగ్గాక వాడండి. చిరోటి రవ్వ దొరికితే ఆ పని లేదు. ఇక్కడి సరుకుతో బాగా కుదిరేది 150 గ్రాముల సన్న రవ్వ, 100 గ్రాముల మైదా. వట్టి మైదాతో చేస్తే ఉడికాక మెత్తబడి నూడుల్స్‌లా ఉంటుంది, పంటికి తగలదు. రాగి పిండి కలపాలనుకుంటే 250లో 50 గ్రాములు దాటొద్దు. రాగుల్లో, బియ్యంలో సాగే జిగురు ఉండదు, పోగు తెగుతుంది.

మన వాతావరణానికి ఇంకో లెక్క ఉంది. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు పిండే చెమ్మ పీల్చుకుని ఉంటుంది, నీళ్లు 5 గ్రాములు తగ్గించి మొదలుపెట్టాలి. రోహిణి కార్తెలో దీనికి పూర్తిగా వ్యతిరేకం: మూత తీసి ఉంచితే పది నిమిషాల్లో పలుకుల పైపొర ఎండిపోతుంది. అప్పుడు చల్లటి నీళ్లు వాడండి, మూత తియ్యకండి.

పిండి వేసి, మూత బిగించి (సరిగా పడకపోతే మిషన్ కదలదు, అది రిపేరు కాదు), తిప్పడం మొదలయ్యాక నీళ్లు మూత గాడిలోంచి సన్నటి ధారగా నిమిషం పాటు పొయ్యండి. ఒక్కసారి గుమ్మరిస్తే ఒక మూల బంక, ఇంకో మూల పొడి. మూడు నిమిషాలు కలిశాక, నొక్కడం మొదలు కాకముందే ఆపేసి పదిహేను నిమిషాలు వదిలెయ్యండి. కంపెనీ పుస్తకాల్లో సాధారణంగా ఇది రాయరు గానీ, రవ్వతో చేసేవాళ్ళకు ఇదే కీలకం. ఆ లోపు బిళ్ళను గోరువెచ్చటి నీళ్లలో వేసి ఉంచితే మొదటి పోగులు చిట్లవు. మొదటి జానెడు ఎలాగూ వంకరగానే వస్తుంది, తుంచి మళ్ళీ లోపలే వెయ్యండి.

పోగు అంచులు రంపంలా చిరుగుతున్నా, మోటారు మూలుగుతున్నా పిండి పొడిగా ఉందని అర్థం. ఒక టీస్పూను నీళ్లు చల్లి ఇంకో రెండు నిమిషాలు కలపండి. అంతకు మించి ఒకేసారి పొయ్యొద్దు. పోగులు నిగనిగలాడుతూ అతుక్కుంటుంటే నీళ్లెక్కువ. రెండు చెంచాల పొడి రవ్వ వేసి కలపండి. పలుకులు బాగానే ఉన్నా పోగు రాకపోతే, స్క్రూ పైన పిండి గూడు కట్టి ఉంటుంది. ప్లగ్ పీకి, మూత తీసి చెక్క గరిటెతో కిందికి నెట్టండి.

మధ్యలో కరెంటు పోతే? ఈ మోటార్లు సాధారణంగా 150 నుంచి 200 వాట్లవి, ఇన్వర్టర్ లాగుతుంది. కానీ స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (ఇంటి కరెంటులా నునుపుగా కాక కుదుపులుగా ఇచ్చే రకం) మీద గుర్రుమంటూ వేడెక్కుతాయి, అలా నడపకపోవడమే మేలు. బిళ్ళ మీద తడి గుడ్డ కప్పి కాసేపు చూడండి. అరగంట దాటితే గొట్టంలో పిండి గట్టిపడుతుంది. అప్పుడు బలవంతంగా తిప్పకుండా, విప్పి తీసేసి మళ్ళీ మొదలుపెట్టండి.

వచ్చిన పోగుల మీద పొడి రవ్వ చల్లండి. మైదా చల్లితే తడికి అదే జిగురవుతుంది. లీటరు నీళ్లకు 10 గ్రాముల ఉప్పు, నీళ్లు తెర్లుతుండగా వేస్తే రెండు నుంచి నాలుగు నిమిషాల్లో ఉడుకుతుంది. వార్చాక చన్నీళ్లతో కడగొద్దు, పైనున్న గంజి పోతే మసాలా పట్టదు. ఒక గ్లాసు వార్చిన నీళ్లు తీసి పెట్టుకోండి. వెల్లుల్లి, ఎండు మిరప వేసి వేయించిన రొయ్యల్లో (మనకు వాటికేం కొదవ) ఆ నీళ్లు పోసి పాస్తా దొర్లిస్తే చిక్కటి పులుసు దానంతటదే అవుతుంది. కలపడానికి ఉదయగిరి చెక్క గరిటెలు బాగుంటాయి, పోగు తెగదు.

నిల్వకు వడియాల పద్ధతి పనికిరాదు. మిద్దె మీద ఎండలో పెడితే పైన ఎండి లోపల తడి మిగిలి, పోగు నిలువునా పగుళ్లు తీస్తుంది. నీడన, ఫ్యాన్ కింద ఆరాలి. ముసురు రోజుల్లో అదీ వద్దు, బూజు పడుతుంది. గూళ్ళలా చుట్టి ఫ్రీజర్లో పెట్టండి, నెల ఉంటుంది. గుడ్డు వేసినదైతే బయట ఆరబెట్టనే వద్దు.

ఇక కడగడం. పని కాగానే నీళ్ల కింద పెడితే, అందులోనూ వేడినీళ్లయితే, పిండి జిగురై ప్రతి సందులో కూర్చుంటుంది. విప్పి రాత్రంతా ఆరనివ్వండి, మర్నాడు పిండి పెంకుల్లా ఊడి వస్తుంది. బిళ్ళ చిల్లులకు సూది, పిన్నీసు వాడొద్దు, ప్లాస్టిక్ గీతలు పడి ఆ తర్వాత ప్రతి పోగుకూ ఆ గీతే వస్తుంది. కొబ్బరి ఈనె చాలు. స్క్రూ చివర, రబ్బరు వలయం వెనక కొంచెం పిండి మిగిలిపోతుంటుంది. అక్కడ చూడకుండా మూతపెట్టారంటే వారంలో చీమలు వరస కడతాయి.