కూలర్ బాగానే ఉందన్నారు, ప్రాసెసర్ మాత్రం వంద డిగ్రీలు

రాత్రి ఒక పెళ్లి వీడియో మొత్తం రెండర్ (ఎడిట్ చేసినదాన్ని ఫైనల్ ఫైలుగా మార్చడం) పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే పూర్తయి ఉంది. ప్రాసెసర్ టెంపరేచర్ 88 డిగ్రీలు దాటలేదు. ఈ ఎండల్లో, ఏసీ లేని గదిలో! ఆ సంతోషం, అంతకుముందు పడ్డ మంట రెండూ ఆరకముందే ఇది రాసేస్తున్నా.

నాకు హనుమకొండలో చిన్న ఎడిటింగ్ స్టూడియో ఉంది. మెషిన్ ఇంటెల్ ఐ7-13700కె, జెడ్690 బోర్డు. ఈ ప్రాసెసర్‌కి కంపెనీ చెప్పే టర్బో పవరే, అంటే ఫుల్ స్పీడ్‌లో లాగే కరెంటే, 253 వాట్లు. పెద్ద కోర్లన్నిటినీ 5.5 గిగాహెర్ట్జ్‌కి ఎక్కిస్తే అదీ దాటుతుంది. ముహూర్తాల సీజన్‌లో ఒక్కో రెండర్‌కి అరగంట కలిసొచ్చినా నాకు లాభమే, అందుకే ఓవర్‌క్లాక్, అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువకి తిప్పడం.

ప్రాసెసర్ వేడిని పంపుతో నీళ్లలోకి లాగి రేడియేటర్ ఫ్యాన్లతో బయటికి తోసే లిక్విడ్ కూలర్ కోసం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాను. ఒక షాపులో 240 సైజుది (రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లది) చేతిలో పెట్టి, "గిదే తీస్కపోండన్నా, అన్ని సాకెట్లకు వస్తది" అన్నాడు. డబ్బా విప్పి చూపించమంటే సీల్ తీస్తే వాపస్ లేదన్నాడు. చూడకుండా కొనాలట, కొన్నాక చూస్తే మనదే బాధ్యతట. ఇదెక్కడి వ్యాపారమో నాకర్థం కాదు. చీరల షాపులో వంద చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా వచ్చినా ఎవరూ ఏమీ అనరు!

బిగించడం తేలిగ్గానే అయింది. పంపు వైర్ ఏఐఓ పంప్ అని రాసున్న పిన్నులకు, ఫ్యాన్లు సీపీయూ ఫ్యాన్‌కు. ఆన్ చేసి, ప్రాసెసర్‌ని పూర్తిగా కష్టపెట్టే సినీబెంచ్ టెస్ట్ పెట్టగానే 100 డిగ్రీలు. ఓవర్‌క్లాక్‌కి 240 చాలదని సరిపెట్టుకోవచ్చు. కానీ ఓవర్‌క్లాక్ తీసేసి, బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) పవర్ లిమిట్ 125 వాట్లకు దించినా 90 దాటుతోంది. అంతకన్నా విచిత్రం, ప్రాసెసర్ అంత కాగుతుంటే రేడియేటర్ నుంచి వచ్చే గాలి చల్లగానే ఉంది. గొట్టాలు పట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేవు. వేడి అసలు నీళ్లలోకే వెళ్లడం లేదన్నమాట.

ఈ మాట చెప్పడానికే షాపుకి పోయాను. కౌంటర్ మీద అతను వినలేదు. "పెండ్లి వీడియోలకు ఓవర్‌క్లాకింగ్ ఏందన్నా, నాసా నడుపుతున్నరా?" అన్నాడు. పక్కన గ్రాఫిక్స్ కార్డు బేరమాడుతున్న కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. నా వయసుకి ఆ నవ్వు గట్టిగానే తగిలింది. చివరికి సర్వీస్ సెంటర్ అడ్రస్ ఒక చీటీ మీద రాసిచ్చి పంపాడు.

సర్వీస్ సెంటర్‌లో టోకెన్, కుర్చీ, ఏసీ, అన్నీ ఉన్నాయి. వినే చెవి ఒక్కటే లేదు. కూలర్ లోపలికి తీసుకెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చి "సర్, నో ఫాల్ట్. పంపు ఫుల్ స్పీడ్‌లో తిరుగుతోంది" అన్నారు. గాలి చల్లగా ఉందయ్యా అంటే, "కూలర్ పని చల్లబరచడమే కదా సర్" అని జవాబు! ఓవర్‌క్లాక్ అన్న మాట వినపడగానే ఫారం మీద 'కస్టమర్ యూసేజ్', అంటే తప్పు వాడినవాడిదే, అని రాసేశారు. మీరు దేని మీద టెస్ట్ చేశారో చూపించమని పట్టుబట్టాను. అయిష్టంగానే చూపించారు. బల్ల మీద ఉన్నది పదో తరం ఐ5, దాన్ని బోర్డు మీద కూర్చోబెట్టే సాకెట్ పాతది, ఎల్‌జీఏ 1200. నాది ఎల్‌జీఏ 1700!

అప్పుడే నాకు లెక్క తేలింది. పాత సాకెట్‌కు కూలర్ స్క్రూల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, కొత్తదానికి 78. మామూలుగా అయితే కూలర్‌ని బోర్డుకి బిగించే పాత బ్రాకెట్ ఎక్కనే ఎక్కదు, అక్కడితో గొడవ తీరిపోయేది. కానీ ఆ తరం అసుస్ బోర్డులు కొన్నింటికి రెండు రకాల రంధ్రాలూ ఇచ్చారు. నాదీ అలాంటిదే. పాత స్టాక్ బ్రాకెట్ హాయిగా కూర్చుంది. చిక్కంతా ఎత్తులో ఉంది. 1700లో ప్రాసెసర్ పైభాగం పాతదానికన్నా మిల్లీమీటర్‌లో కొంత కిందికి ఉంటుంది. పాత స్టాండుల మీద స్క్రూలు చివరిదాకా తిప్పినా రాగి ప్లేటు సరిగా అదమదు. ఇంటికొచ్చి ప్లేటు ఊడదీసి చూస్తే, మధ్యలో, వేడి దాటించడానికి ప్రాసెసర్ మీద రాసే పేస్టు నేను పెట్టింది పెట్టినట్టే మందంగా ఉంది. ఇంతమంది టెక్నీషియన్లకు తట్టనిది హనుమకొండ పెళ్లి వీడియోలవాడికి తట్టింది, రాసుకోండి.

పేస్టు ముద్ర ఫొటో సర్వీస్ సెంటర్‌కి పంపితే, ఆ మోడల్‌కి కొత్త బ్రాకెట్ స్టాక్ లేదని ఒక్క ముక్కలో తేల్చేశారు. షాపువాడు ఫోనే ఎత్తలేదు.

ఇక రెండోసారి ఎంపిక. 280 సైజుని తక్కువగా చూడకండి. రెండు 140 ఫ్యాన్ల రేడియేటర్ 39,200 చదరపు మిల్లీమీటర్లు, మూడు 120లది 43,200. తేడా పెద్దగా లేదు. నా క్యాబినెట్ పైన 140 ఫ్యాన్లకు చోటు లేక 360కి వెళ్లాను. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 తీసుకున్నాను. దానితోపాటే 1700 ప్రాసెసర్ వంగకుండా పట్టే కాంటాక్ట్ ఫ్రేమ్ వస్తుంది, వారంటీ ఆరేళ్లు. రేడియేటర్ 38, ఫ్యాన్లు 25, మొత్తం 63 మిల్లీమీటర్ల మందం. ర్యామ్‌కి తగులుతుందేమో టేపు పెట్టి కొలిచాకే ఆర్డర్ చేశాను. లైట్లున్న మోడల్‌కి అదనపు డబ్బులు పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలి.

రేడియేటర్ పైన పెట్టడం మేలు, గాలి బుడగలు పంపులో చేరకుండా ఉంటాయి. 13, 14 తరాల ప్రాసెసర్లలో వోల్టేజీ ఎక్కువై పాడవుతున్నాయని ఇంటెలే ఒప్పుకుని 2024 ఆగస్టులో మైక్రోకోడ్ అనే సవరణ ఇచ్చింది, అది బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది. ఆ బయోస్ వేయకుండా ఓవర్‌క్లాక్ జోలికి వెళ్లకండి, ఎంత పెద్ద కూలరైనా దానికి మందు కాదు.

పాత 240ని మా మేనల్లుడి పదో తరం మెషిన్‌కి బిగించాను. అక్కడ చక్కగా పనిచేస్తోంది. సర్వీస్ సెంటర్ వాళ్లన్నట్టు పంపు మంచిదే. అయినా ఆ ఫారం మీద రాసిన 'కస్టమర్ యూసేజ్' కొట్టేయమని మళ్లీ మెయిల్ పెట్టాను.