రాయిని నొక్కే ఉద్యోగం

నేను సెలవు మీద తిరుపతికి వచ్చినప్పుడు, చిత్తూరు దగ్గర గ్రానైట్ క్వారీ నడిపే మా మేనమామ పెళ్లి పందిట్లో అందరి ముందూ అడిగేశారు: “ఏమిరా అల్లుడూ, రాయిని నొక్కేదానికి జర్మనీ దాకా పోవాల్నా? ఈడ రాళ్లు కరువైనాయా?” అక్కడ నవ్వి ఊరుకున్నాను గానీ, చెప్పవలసిన సమాధానాన్ని నాలో నేను ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాను.

రాయి నలిగిపోవడం వేరు, కుదించుకుపోవడం వేరు. మా ప్రయోగశాలలో కొలిచేది రెండోదాన్ని. అయిదు సెంటీమీటర్ల గ్రానైట్ కడ్డీకి పలుచని రాగి తొడుగు వేసి, దానిమీద పొడవులో సూక్ష్మమైన మార్పును కొలిచే స్ట్రెయిన్ గేజ్‌లు అతికించి, మందపాటి ఉక్కు పాత్రలోకి దించి, చుట్టూ ఉన్న నూనెను పంపుతో నొక్కుతాం. 100 మెగాపాస్కల్‌లు, అంటే వాతావరణ పీడనానికి దాదాపు వెయ్యి రెట్లు, భూమిలో సుమారు నాలుగు కిలోమీటర్ల లోతున రాయి భరించేంత ఒత్తిడి పెట్టినా, ఖనిజాలు కుదించుకున్నందువల్ల ఆ కడ్డీ పొడవులో తగ్గేది దాదాపు 0.03 మిల్లీమీటర్లే.

ఇంత చిన్న కొలతకు పెద్ద శత్రువు తొందర. నొక్కిన నూనె వేడెక్కుతుంది, ఆ వేడి గేజ్ చూపే అంకెలో కలిసిపోతుంది. అందుకే పీడనం పెంచిన ప్రతిసారీ ఉష్ణోగ్రత కుదుటపడేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. నేను పంపు వైపు కదిలితే చాలు, పదవీ విరమణకు దగ్గరపడిన మా టెక్నీషియన్ తల అడ్డంగా ఊపేవారు. మొదట్లో ఒళ్లు మండేది. పీడనం పెరిగేకొద్దీ రాయి ఎంత కుదించుకుందో చూపే ఒక్క గీత పూర్తి కావడానికి పూటంతా పట్టినా “అయిందా” అని ఆయనను అడిగే మనిషి ఆ భవనంలో లేడు. మన దగ్గరైతే అటెండరు మొదలు హెడ్డు దాకా అదే ప్రశ్న. ఆయన ఓపికను మెచ్చుకుంటున్నానో, అడిగేవాళ్లు లేని ఆయన అదృష్టాన్ని చూసి కుళ్లుకుంటున్నానో నాకే తెలియదు. నేను చదివిన కళాశాలలో మమ్మల్ని తిరుమల ఘాట్ రోడ్డుకు తీసుకెళ్లి, పాత గ్రానైట్ మీద, ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన క్వార్ట్‌జైట్ కూర్చున్న చోటునూ, ఆ రెంటి మధ్య రాళ్లలో ఆనవాలు లేకుండా గల్లంతైన కోట్ల ఏళ్లనూ చూపించారు. ఈ యంత్రాన్ని మాత్రం పాఠ్యపుస్తకంలో బొమ్మగానే చూశాం.

అలాగని మనవాళ్లకు రాయి తెలియదంటే ఒప్పుకోను. మామ క్వారీలో మేస్త్రీ దిమ్మెను సుత్తితో తట్టి చెవి ఒగ్గుతాడు. కంచులా మోగితే సరే, డొల్లగా పలికితే లోపల నెర్రె ఉన్నట్టే. మేం గీసే గీత మొదట్లో వంపు తిరిగేదీ నెర్రెల వల్లనే. కంటికి కనిపించని ఆ సన్నని పగుళ్లు మూసుకునేదాకా రాయి సులువుగా లొంగుతుంది; మూసుకున్నాక ఇక ఖనిజాలే ఎదురు నిలుస్తాయి, గీత దాదాపు తిన్ననవుతుంది. వాషింగ్టన్‌లో ఆడమ్స్, విలియమ్సన్ అనే శాస్త్రవేత్తలు 1923లోనే ఈ తేడాను గుర్తించారు.

సుత్తి సంగతి చెబితే టెక్నీషియన్ నవ్వలేదు. మోగిన రాయి ఒకటి, మోగనిది ఒకటి, ఒకే క్వారీ నుంచి తెప్పించగలవా అని అడిగి, రెండు గీతలనూ పక్కపక్కన పెట్టి చూద్దామన్నారు. గ్రానైట్‌లో పగుళ్లు అన్ని దిక్కులా సమానంగా ఉండవు కాబట్టి, దిమ్మె మీద దిక్కు గుర్తు పెట్టించమని కూడా హెచ్చరించారు. ఆ మాట మేస్త్రీకి ఎవరూ చెప్పనక్కరలేదు. దిమ్మె ఏ వైపు సులువుగా విడుతుందో చూసుకున్నాకే అతను ఉలి పెడతాడు.