గంజాయి అన్న మాట దగ్గరే ఆగిపోయాం

మా అమ్మాయికి పదహారేళ్లు. డాలస్ దగ్గర ఉంటాం. మార్చిలో ఒకరోజు ఉతుకుదామని దాని హుడీ తీస్తే జేబులో చిన్న జిప్ కవరు తగిలింది. లోపల ఎరుపూ ఆకుపచ్చా రంగుల్లో నాలుగు గమ్మీలు, పైన పంచదార అద్ది, చిన్నప్పుడు మనం తిన్న జెల్లీ మిఠాయిల్లాగే ఉన్నాయి. కవరు మీద గంజాయి ఆకు బొమ్మ, కింద సన్నటి అక్షరాల్లో సీబీడీ, ఒక్కోటి 25 మిల్లీగ్రాములు అని ఉంది.

నేను పుట్టి పెరిగింది నర్సీపట్నంలో. ఆ ఆకు చూస్తే మా ఊరివాళ్లకి గుర్తొచ్చేది చింతపల్లి వైపు నుంచి వచ్చే బస్సులు ఆపి పోలీసులు సీట్ల కింద బ్యాగులు లాగి చూడటం, రెండు వేల రూపాయల కోసం సంచి మోసి కేసులో ఇరుక్కుపోయిన కుర్రాళ్లు, వాళ్ల అమ్మలు. అందుకే అది స్కూలు నుంచి వచ్చి బ్యాగు కింద పెట్టకముందే అడిగేశాను, "గంజాయి తింటున్నావా?" అని. "అది వీడ్ కాదమ్మా, సీబీడీ" అంది. నేనింకా ఏదో అన్నాను, ఏమన్నానో రాయాలనిపించడం లేదు. తలుపేసుకుంది. మూడు రోజులు మాటల్లేవు.

ఆ మూడు రోజులూ రాత్రిళ్లు కూర్చుని చదివాను. ఇక్కడి మన తెలుగు గ్రూపుల్లో ఈ విషయం వస్తే సగం మంది "ఛీ, డ్రగ్స్" అంటారు, మిగతా సగం "నేచురల్ కదా, ఏం కాదు" అంటారు. రెండూ తప్పే.

గంజాయి మొక్కలో మత్తెక్కించేది టీహెచ్‌సీ. సీబీడీ అదే మొక్కలో ఉన్న వేరే పదార్థం, మత్తు ఇవ్వదు. అమ్మాయి చెప్పింది అంతవరకూ నిజమే. పైగా అది నిజంగా మందు కూడా. డ్రావే సిండ్రోమ్, లెనాక్స్-గాస్టో సిండ్రోమ్ అని పసితనంలోనో చిన్నతనంలోనో మొదలయ్యే మొండి మూర్ఛ జబ్బులున్నాయి, మామూలు ఫిట్స్ మందులకి లొంగవు. కొలరాడోలో షార్లెట్ ఫిగీ అనే పాపకి సీబీడీ నూనెతో ఫిట్స్ తగ్గడం 2013లో దేశమంతా టీవీలో చూసింది. 2017లో వచ్చిన ఒక ట్రయల్‌లో డ్రావే ఉన్న 120 మంది పిల్లల్నీ టీనేజర్లనీ తీసుకుంటే, సీబీడీ ఇచ్చినవాళ్లలో నెలకి సుమారు 12 సార్లు వచ్చే పెద్ద ఫిట్స్ 6కి తగ్గాయి, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో దాదాపు అలాగే ఉన్నాయి. 2018 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎపిడియోలెక్స్ అనే సిరప్‌ని ఆమోదించింది. అమెరికాలో ఆమోదం ఉన్న సీబీడీ మందు అదొక్కటే.

ఇది చదివాక నాకు కోపం సగం దిగింది. మిగతా సగం లెక్క వేస్తే భయంగా మారింది. ఆ సిరప్ మొదట్లో తక్కువగా ఇచ్చి, తర్వాత మామూలుగా రోజుకి కిలో బరువుకి 10 మిల్లీగ్రాముల దాకా తీసుకెళతారు. మా అమ్మాయి యాభై కిలోలు. అంటే రోజుకి 500 మిల్లీగ్రాములు, ఇరవై గమ్మీలు! ఇరవై తినమని కాదు నా ఉద్దేశం, దయచేసి ఎవరూ అలా అర్థం చేసుకోకండి. ఆ మోతాదులో లివర్ ఎంజైములు పెరగొచ్చు, అందుకే డాక్టర్లు రక్తపరీక్షలు చేయిస్తూ ఇస్తారు. ఆకలి తగ్గుతుంది, విరేచనాలవుతాయి, మగతగా ఉంటుంది. ఫిట్స్‌కో డిప్రెషన్‌కో వేరే మందులు వాడుతుంటే వాటి మోతాదు రక్తంలో పెరిగిపోవచ్చు. నేననేది, ఒకటో రెండో గమ్మీలు వేసుకుని "ఇది మందు" అనుకోవడానికి ఆధారం లేదని.

మరి టెన్షన్‌కి? మెల్‌బోర్న్‌లో ఒక చిన్న అధ్యయనం చేశారు, 12 నుంచి 25 ఏళ్లలోపు 31 మంది, మిగతా చికిత్సలతో ఆందోళన తగ్గనివాళ్లు. పన్నెండు వారాల్లో చాలామందికి తగ్గింది. కానీ వాళ్లకిచ్చింది రోజుకి 800 మిల్లీగ్రాముల దాకా, అందరికీ తాము సీబీడీ తీసుకుంటున్నామని తెలుసు, పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు గుంపు లేదు. ఆశ ఉంది, అంతకుమించి చెప్పలేం. ఎదిగే మెదడు మీద ఏళ్ల తరబడి ఏం చేస్తుందో ఇంకా తేలలేదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది లేబుల్. 2017లో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ సరుకులు కొని పరీక్షిస్తే, లేబుల్ మీద రాసినంత సీబీడీ సరిగ్గా ఉన్నవి 26. టీహెచ్‌సీ దొరికినవి 18. మేమింకా హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీదున్నాం, పిల్ల దానికి అనుబంధంగా ఇచ్చే హెచ్‌-4 మీద. ఏ రాష్ట్రం ఏం అనుమతించినా ఫెడరల్ చట్టంలో గంజాయి గంజాయే, పౌరులు కానివాళ్లకి దాంతో వచ్చే చిక్కు వీసా దాకా పోతుంది. దాని క్లాసులో పక్క సీటు పిల్లకి ఈ గొడవ లేదు. ఈ మాట దానికి చెప్పాల్సి రావడం నాకు చాలా బాధనిపించింది.

నాలుగో రోజు రాత్రి వంటింట్లో కూర్చోబెట్టి, ముందు నేనే సారీ చెప్పాను. ఎందుకు తిన్నావని అడిగాను, ఈసారి నిజంగా తెలుసుకోవాలనే. జనవరి నుంచి నిద్ర పట్టడం లేదంది. రెండింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుందట. ఐదు ఏపీ క్లాసులు, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి పాఠాలు. స్నేహితురాలి అక్క ఇచ్చిందట. "నాకు చెప్పొచ్చుగా" అంటే, "చెప్పానమ్మా. పసుపు వేసి పాలిచ్చావు" అంది.

నిజమే, చెప్పింది. "యాంగ్జైటీగా ఉంది" అంది. నా చెవికి అది టెన్షన్ అని వినిపించింది. మనకి టెన్షన్ అంటే పరీక్ష ముందు అందరికీ ఉండేదే, పరీక్ష అయిపోతే పోయేదే, దానికి డాక్టరేమిటి? అది చెప్పింది వేరే. రెండు నెలలు ఒకే ఇంట్లో, ఒకే కంచాల్లో తింటూ, నేను దాన్ని వినలేదు.

పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. గమ్మీల సంగతి దాన్నే చెప్పమన్నాను, నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు. మన ఊళ్లో అయితే తల్లిని బయటికి పంపడమా అనుకునేదాన్ని, ఆ పావుగంట కష్టంగానే గడిచింది. ఇప్పుడు వారానికోసారి కౌన్సెలింగ్. ఫోన్ రాత్రి హాల్లోనే, నాది కూడా. ఏపీ క్లాసు ఒకటి వచ్చే ఏడాదికి తీసుకోవడం లేదు, దీనికి మా వారిని ఒప్పించడానికే వారం పట్టింది. నిద్ర ఇంకా పూర్తిగా కుదురుకోలేదు, కానీ మెలకువ వస్తే వచ్చి నన్ను లేపుతోంది.

అమ్మకి చెప్పకూడదనుకున్నాను. వీడియో కాల్‌లో నా మొహం చూసి పట్టేసింది. గంజాయి మొక్కలోంచే మూర్ఛ మందు తీశారని చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మా వీధి చివరి ఇంటి పిల్లాడిని గుర్తు చేసింది. "ఫిట్స్ వస్తే పరిగెత్తుకెళ్లి తాళాల గుత్తి చేతిలో పెట్టేవాళ్లమే. ఇంకేం తెలుసు మనకి" అంది. మనవరాల్ని తిట్టొద్దని, దానికి ఫోన్ ఇవ్వమని అడిగింది. ఇద్దరూ గదిలోకి వెళ్లి ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

డిసెంబరులో ఇండియా వెళ్తున్నాం, దుబాయ్ మీదుగా టికెట్లు. దుబాయ్‌లో సీబీడీ కూడా నిషేధమే, విమానం మారేటప్పుడు బ్యాగులో దొరికినా చిక్కే. మొన్న ఆదివారం ఈ మాట చెప్పగానే అమ్మాయి లేచి వెళ్లి తన మేకప్ పౌచ్ మంచం మీద బోర్లించింది. అన్నీ ఒక్కొక్కటే చదువుతూ ఒక లిప్‌బామ్ దగ్గర ఆగింది. సన్న అక్షరాలు నాకు కనిపించలేదు. "ఇందులో కూడా ఉందమ్మా" అని నా చేతిలో పెట్టింది.